కొత్తగా ఎస్‌జీటీగా (ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచరుగా) చేరుతున్నారా? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష) నియామకాలు జరిగిన ప్రతిసారీ నా ఫోను ఖాళీగా ఉండదు. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చాక మరీనూ. మా అక్క కూతురి స్నేహితురాలు, పక్కింటివారి అల్లుడు, ఒకప్పుడు నా దగ్గర మూడో తరగతి చదువుకున్న కుర్రాడు, అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడిగారు. నా మొదటి పోస్టింగ్ పాడేరు అవతల ఒక కొండ ఊళ్లో. ఇప్పుడు నగరంలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. నాకు ఖాయంగా తెలిసినవే ఇక్కడ రాస్తున్నాను.

చేరే రోజు ఏమేం పట్టుకెళ్లాలి?

నియామక ఉత్తర్వు, పదో తరగతి నుంచి డీఎడ్ (ప్రాథమిక టీచరు శిక్షణ) వరకు ఒరిజినల్ సర్టిఫికెట్లు, టెట్ (టీచరు అర్హత పరీక్ష) మార్కుల మెమో, 4 నుంచి 10 వరకు చదివిన స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, ప్రభుత్వ వైద్యుడు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అరడజను ఫొటోలు. అన్నీ మూడేసి సెట్లు జిరాక్స్ తీయించుకోండి. రెండు సెట్లు ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసుకే సరిపోతాయి.

జాయినింగ్ రిపోర్టులో తేదీతో పాటు పూర్వాహ్నమా, అపరాహ్నమా అన్నది తప్పకుండా రాయాలి. ఒక కాపీ మీద ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్ర వేయించుకుని ఇంట్లో భద్రం చేసుకోండి. ఎప్పుడో పదేళ్ల తర్వాత సీనియారిటీ జాబితాలో తేడా వస్తే ఆ కాగితమే మీకు సాక్ష్యం.

సర్వీస్ రిజిస్టర్ గురించి అందరూ భయపెడుతున్నారు. ఎందుకు?

సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్) అంటే మీ ఉద్యోగ చరిత్ర అంతా ఎక్కే పుస్తకం. భయపడాల్సిందేమీ లేదు, అశ్రద్ధ మాత్రం చేయకూడదు. పుట్టిన తేదీ, ఇంటిపేరు స్పెల్లింగు, పుట్టుమచ్చలు, విద్యార్హతలు, నామినీ వివరాలు ఇందులో ఎక్కుతాయి. రాసేటప్పుడు దగ్గర ఉండండి. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. ఇంక్రిమెంటు వచ్చిన ప్రతిసారీ, సెలవు పెట్టిన ప్రతిసారీ ఎంట్రీ పడిందో లేదో ఏడాదికోసారి చూసుకోండి. నా ఎస్ఆర్‌లో రెండేళ్ల ఎంట్రీలు పడలేదని నాకు తెలిసేసరికి, వాటిని రాయాల్సిన గుమాస్తాగారు రిటైరై మూడేళ్లయింది.

మొదటి జీతం ఎప్పుడు పడుతుంది? ఎంత?

చేరిన నెలాఖరుకే పడుతుందని లెక్కలు వేసుకోకండి. ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో ఐడీ రావాలి, పెన్షన్ ఖాతాకు ప్రాన్ నంబరు రావాలి, డీడీఓ (జీతాల బిల్లులు పెట్టే అధికారి) బిల్లు పెట్టాలి. ప్రాథమిక పాఠశాలలకు సాధారణంగా ఎంఈఓగారే డీడీఓ. ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఆ డబ్బు ఎక్కడికీ పోదు, బకాయిలుగా కలిసి వస్తుంది. ఈలోగా అద్దెకు, దారి ఖర్చులకు కొంత చేతిలో ఉంచుకోండి.

2022 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్‌జీటీ స్కేలు 32,670తో మొదలై 1,01,970 వరకు వెళ్తుంది. దీని మీద డీఏ (కరువు భత్యం), ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. విశాఖ నగరంలో అద్దె భత్యం 16 శాతం, అంటే మొదటి బేసిక్ మీద 5,227 రూపాయలు. చిన్న ఊళ్లలో 10 శాతమే. బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో పది శాతం సీపీఎస్‌కు (పెన్షన్ పథకానికి) పోతుంది. ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్స్, ఆరోగ్య కార్డు కోతలు కూడా ఉంటాయి. ఎంత తొందరగా ఏపీజీఎల్ఐ మొదలుపెడితే అంత మంచిది. ఆరోగ్య కార్డులో అమ్మానాన్నల పేర్లు చేర్చడం మరిచిపోకండి.

ఉమ్మడి విశాఖ జిల్లా అంటే నన్ను ఎక్కడికైనా వేస్తారా?

అవును. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. డీఎస్సీ మాత్రం పాత ఉమ్మడి జిల్లా ప్రాతిపదికనే జరిగింది. కాబట్టి గాజువాకలో పుట్టి పెరిగినవాళ్లు ముంచంగిపుట్టులో చేరవచ్చు, నర్సీపట్నం వాళ్లు పెందుర్తి రావచ్చు. మున్సిపల్ పోస్టు అయితే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడి, లేకపోతే మండల పరిషత్ బడో ప్రభుత్వ బడో.

ఏజెన్సీ (గిరిజన కొండ ప్రాంతం) వచ్చిందని ఏడ్చుకుంటూ ఫోన్ చేసిన అమ్మాయిలున్నారు. వాళ్లకు నేను ఒకటే చెప్పాను. ముందు వెళ్లి ఒక నెల పనిచెయ్యి, ఆ తర్వాత మాట్లాడుకుందాం. రోడ్డు లేని ఊళ్లకు బదిలీల్లో పాయింట్లు ఎక్కువ, అది లెక్క. ఆ ఊళ్లో మీరు తప్ప బయటి ప్రపంచం గురించి చెప్పేవాళ్లు పిల్లలకు ఇంకెవరూ ఉండరు, ఇది లెక్కలోకి రాని సంగతి.

ఏజెన్సీ పిల్లలు మాట్లాడే భాష నాకు రాదు. పాఠం ఎలా చెప్పేది?

నేనూ ఇదే అవస్థ పడ్డాను. మొదటి వారం పిల్లలు నోరు విప్పలేదు. మందబుద్ధి పిల్లలేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంటర్వెల్‌లో చెట్టు కింద వాళ్లు తమ ఇంటి భాష కువిలో గలగలా మాట్లాడుకుంటుంటే చెవిని పడింది. వాళ్లకు రానిది తెలుగు, తెలివి కాదు.

ఐదో తరగతి పాప ఒకమ్మాయిని నాకు టీచరుగా పెట్టుకున్నాను. రోజుకు పది మాటలు. నీళ్లు, అన్నం, రా, కూర్చో, కడుపు నొప్పా, అమ్మ ఎక్కడికెళ్లింది. నోటు పుస్తకంలో తెలుగు లిపిలో రాసుకునేదాన్ని. నేను తప్పు పలికితే తరగతంతా నవ్వేది. టీచరు కూడా తప్పు చేయవచ్చని తెలిశాక వాళ్లు తెలుగులో తప్పులు మాట్లాడటం మొదలుపెట్టారు. తప్పు మాట్లాడితేనే కదా భాష వచ్చేది.

మన ప్రాంతంలో ఇది కొత్త పద్ధతీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడి పంతులుగా పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆగస్టు 29న మనం బడిలో తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజనే. కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషల్లో కూడా ప్రాథమిక వాచకాలు వచ్చాయి. మీ బడి బీరువాలో దుమ్ము పట్టి ఉన్నాయేమో ముందు వెతకండి.

నగరం బడిలో ఆ ఇబ్బంది ఉండదు కదా?

ఉంటుంది, ఇంకో రూపంలో. గాజువాక, ఆటోనగర్ వైపు బడుల్లో ఒడియా, హిందీ మాట్లాడే కూలీల పిల్లలు కనిపిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలు, తీరం వెంబడి మత్స్యకారుల పిల్లలు ఉంటారు. "టీచర్, మా నాన ఏటకెల్లిపోనాడు" అని ఒక గుంటడు చెబితే ముందు ఆ కబురు వినండి. ఎన్నింటికి వెళ్లాడు, ఎవరితో వెళ్లాడు, అడగండి. ఆ తర్వాత బోర్డు మీద "వేటకు వెళ్లిపోయాడు" అని రాసి, ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తాం అని రెండూ చూపించండి. "అలా అనకూడదు" అన్నారంటే వాడు ఇక మీకేమీ చెప్పడు. వాడు తప్పు మాట్లాడలేదు, వాళ్లమ్మ మాట్లాడినట్టు మాట్లాడాడు.

మొదటి రోజు ఏ పాఠం చెప్పాలి?

ఏ పాఠమూ వద్దు. పేర్లు నేర్చుకోండి, ఇంట్లో పిలిచే ముద్దుపేర్లతో సహా. ఒక కథ చెప్పండి. సాయంత్రం పిల్లలతో పాటు వాళ్ల వీధిలోకి నడిచి వెళ్లండి.

మూడో తరగతిలో సగం మందికి చదవడం రాదు. సిలబస్ చెప్పాలా, అక్షరాలు దిద్దించాలా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరికితే మిగతావన్నీ ఎలాగో సర్దుకుంటాయి.

మొదటి వారంలో ఒక్కొక్క పిల్లనీ విడిగా వరండాలోకి పిలిచి రెండు నిమిషాలు చదివించండి. కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఒక పేజీ కథ. ఎవరు ఎక్కడ ఆగిపోయారో తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. మార్కులు వేయకండి, తరగతిలో చదివి వినిపించకండి. ముప్పై మంది ఉంటే మూడు రోజుల పని. ఆ పుస్తకం మీకు అన్ని రిజిస్టర్లకంటే విలువైనది.

చాలామంది పిల్లలు గుణింతం దగ్గర మోసపోతారు. క కా కి కీ అని పాటలా గడగడా అప్పజెబుతారు, వచ్చేసిందని మనం సంతోషిస్తాం. మధ్యలో "కె" ఒక్కటి చూపిస్తే ఆగిపోతారు. మళ్లీ క నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగి చెబుతారు. అంటే పాట వచ్చింది, చదువు రాలేదు. వ, మ లాంటి పోలిక ఉన్న అక్షరాలను ఒకేరోజు నేర్పకండి. యాభై ఆరు అక్షరాలూ వరసగా దిద్దించి అప్పుడు మాటల్లోకి వెళ్దామనుకుంటే ఏడాది గడిచిపోతుంది.

మాటలతో మొదలుపెట్టండి, వాళ్లకు తెలిసిన మాటలతో. మా బడికి జాలరి కుటుంబాల పిల్లలు వస్తారు. వాళ్లకు మొదటి మాటలు అల, వల, కల. ఒక్క అక్షరం మారితే మాట మారిపోతుందని కళ్లారా చూస్తారు. ఆ తర్వాత పడవ. పీత దగ్గర గుడిదీర్ఘం వస్తుంది. చందువ, వంజరం దగ్గర సున్న వస్తుంది. రొయ్య దగ్గర ఒత్తు వస్తుంది. రొయ్య అని చదవగానే వాళ్ల ముఖం చూడాలి మీరు! తమ ఇంటి మాట బోర్డు మీదికి ఎక్కిందన్న సంబరం. మీ ఊరు కొండ మీదైతే రాగి, జీలుగు, పనస అని మొదలవుతుంది. ఏ ఊరి మాటలు ఆ ఊరివే.

రోజూ ఒక గంట తరగతులు చెరిపేసి, చదివే స్థాయిని బట్టి గుంపులు చేయండి. అక్షరాల దగ్గరున్న ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి పిల్లతో కూర్చోవడానికి సిగ్గుపడతాడు. వాడికి ఆ గుంపులో పుస్తకాలు పంచే పని అప్పగించండి, సిగ్గు తగ్గుతుంది. మిగతా సమయంలో సిలబస్ నడపండి, పాఠ్యపుస్తకం ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషుతో ఉంటుంది కాబట్టి రెండు పేజీలూ వాడుకోండి. నెలనెలా అదే వరండా పరీక్ష. ఇలా చేస్తే సంక్రాంతికల్లా సగం మంది పేరా దాకా రావడం నేను చూశాను. రాని పిల్లలూ ఉంటారు. కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించారా అని మొదట అడగండి. నా తరగతిలో "మొద్దు" అని పేరు పడ్డ పాపకు బోర్డే కనిపించేది కాదు.

లెక్కలకు ఏ సామగ్రి కొనాలి?

ఏమీ కొనకండి. గవ్వలో, చింతపిక్కలో చాలు. పదేసి గవ్వలు చిన్న కవర్లో వేసి కడితే అది ఒక పది. పది కవర్లు ఒక సంచిలో వేస్తే వంద. తీసివేతలో పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో కవరు విప్పితేనే అర్థమవుతుంది. మా పిల్లల్లో కొందరు అమ్మతో పాటు చేపల గంప దగ్గర కూర్చుని చిల్లర పక్కాగా ఇచ్చేస్తారు. ఆ పిల్లలే బడిలో 100 లోంచి 65 తీసేయమంటే తడబడతారు. వందనోటు ఇచ్చి అరవై ఐదు రూపాయల చేప కొన్నానని చెప్పి అడగండి.

ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఎలా?

విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మందికి ఒక టీచరు అంటుంది. కాబట్టి పిల్లలు తక్కువున్న బడుల్లో ఇద్దరే ఉంటారు. మోడల్ ప్రైమరీ స్కూలు అయితే తరగతికొక టీచరు. ఇద్దరే ఉన్నచోట 1, 2 ఒకరు, 3, 4, 5 ఒకరు తీసుకోవడం కుదురుతుంది. ఒక గుంపుకు మీరు చెబుతుంటే ఇంకో గుంపు చేతిలో పని ఉండాలి. ఆ పని ముందు రోజు సాయంత్రమే సిద్ధం చేసుకోవాలి. బడికొచ్చి ఆలోచిస్తే ఆ రోజు అల్లరికే సరిపోతుంది. సహోద్యోగి మీకంటే పాతవారైతే ముందు వారి పద్ధతి గమనించండి. చేరిన పది రోజులకే మార్పులు చెప్పకండి.

కొట్టకుండా తరగతి అదుపులో ఉంటుందా?

ఉంటుంది. ఉండకపోయినా కొట్టకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం, పదిమందిలో ఎగతాళి చేయడం అన్నీ అందులోకే వస్తాయి. "రెండు తగిలించండి టీచరమ్మా, నేనేం అనుకోను" అని తల్లులే చెబుతారు. నవ్వి ఊరుకోండి. గొంతు తగ్గించి మాట్లాడటం, పాట అందుకోవడం, అల్లరి పిల్లవాడికి గంట కొట్టే పని ఇవ్వడం నాకు పనిచేశాయి.

ఒక పిల్ల ఒంటి మీద దెబ్బలు కనిపించినా, ఎవరైనా తప్పుగా ముట్టుకున్నారని చెప్పినా దాచకండి. పిల్ల మాట నమ్మండి, నలుగురిలో గుచ్చిగుచ్చి అడగకండి. 1098కి ఫోన్ చేయవచ్చు. లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత, ఊరి పెద్దలు రాజీ చేద్దామన్నా సరే.

యాప్‌లతోనే రోజంతా గడిచిపోతోందట కదా?

కొంత నిజమే. విద్యాశాఖ లీప్ యాప్‌లో మన ముఖ హాజరు, పిల్లల హాజరు, భోజనం లెక్కలు, మార్కుల నమోదు, యూడైస్ (బడి గణాంకాల) వివరాలు ఉంటాయి. ఉదయం అసెంబ్లీ అవగానే పావుగంటలో హాజరు ముగించి ఫోను సంచిలో పడేయండి. మిగతావి బడి విడిచాకే. సిగ్నల్ లేని ఊళ్లలో ఆ సంగతి రాతపూర్వకంగా ఎంఈఓకు ముందే తెలియజేసి కాపీ ఉంచుకోండి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయ పనులు మాత్రం చట్టమే మనకు అప్పగించింది, తప్పవు.

మధ్యాహ్న భోజనం కూడా నేనే చూడాలా?

వండేది వంట ఏజెన్సీ అక్కలు లేదా కేంద్రీకృత వంటశాల, చూసుకోవాల్సింది మనం. ఇప్పుడు ఈ పథకం పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. పిల్లలకు పెట్టేముందు టీచరు రుచి చూడాలి. రిజిస్టరులో సంతకం కోసం కాకుండా నిజంగానే తినండి. గుడ్డు కుళ్లిందా, నూనె వాసనేదైనా వస్తోందా ముందే తెలుస్తుంది. వంట అక్కలకు బిల్లులు ఆలస్యమవుతుంటాయి, వాళ్లు అప్పు తెచ్చి కూర వండిన రోజులు నాకు తెలుసు. వాళ్లతో మర్యాదగా ఉండండి.

పిల్లలు రెండు మూడు వారాలు కనిపించకుండా పోతున్నారు. ఏం చేయాలి?

కారణం కనుక్కోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. అంటే సరిగ్గా ఆ ఇళ్లలో చేతిలో పైసా ఆడని రోజుల్లో మనం బడి తెరుస్తాం. కొందరు పిల్లలు పెద్దవాళ్లతో పనికి వెళ్తారు. సంక్రాంతికి సొంత ఊళ్లకు వెళ్లిన వలస కుటుంబాలు నెలాఖరుదాకా రావు. ఫోన్ చేయండి, ఇంటికి వెళ్లండి. పేరు మాత్రం తీసేయకండి. వచ్చిన రోజున "ఇన్నాళ్లూ ఎక్కడ ఊరేగావు" అనకుండా, "నీ పుస్తకం నా దగ్గరే ఉంది" అని చేతికివ్వండి.

సెలవులు ఎన్ని?

ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. మహిళా ఉపాధ్యాయులకు అదనంగా 5 ప్రత్యేక క్యాజువల్ లీవులు. ప్రసూతి సెలవు 180 రోజులు. ఏడాది మధ్యలో చేరితే సీఎల్‌లు ఆ దామాషాలోనే వస్తాయి. సెలవు చీటీ ముందు, సెలవు తర్వాత.

ప్రొబేషన్, బదిలీ?

మూడేళ్ల వ్యవధిలో రెండేళ్లు డ్యూటీ పూర్తి చేస్తే ప్రొబేషన్ ముగుస్తుంది. దానంతట అదే జరగదు, ఉత్తర్వు ఇప్పించుకుని ఎస్ఆర్‌లో రాయించుకోవాలి. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండితే బదిలీ తప్పనిసరి.

సాయంత్రం ట్యూషన్లు చెప్పుకోవచ్చా?

లేదు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని నిషేధించింది. వెనకబడిన పిల్లలకు బడి అయ్యాక ఊరికే చెబితే ఎవరూ కాదనరు.

నాకు డీఎస్సీ రాలేదు, ప్రైవేటు స్కూల్లో చేరుతున్నాను. ఏం చూసుకోవాలి?

నియామక పత్రం రాతలో తీసుకోండి. జీతం, సెలవులు, మానేయాలంటే ఎన్నాళ్లు ముందు చెప్పాలో అందులో ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇవ్వకండి. ప్రభుత్వ ఉద్యోగానికి ముందు నేను ఒక ప్రైవేటు బడిలో పనిచేసి, నా డీఎడ్ సర్టిఫికెట్ వాళ్ల బీరువాలోంచి వెనక్కి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను. కౌన్సెలింగ్ తేదీ దగ్గర పడుతుంటే నిద్రపట్టేది కాదు. 20 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్నచోట పీఎఫ్ ఉండాలి, అడగండి. ఒక మాట: బీఎడ్ ఉన్నా ప్రాథమిక టీచరు పోస్టుకు పనికిరాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మళ్లీ ఎస్‌జీటీ రాయాలనుకుంటే డీఎడ్, టెట్ ఉండాల్సిందే. మన జిల్లా డైట్ (డీఎడ్ చెప్పే ప్రభుత్వ శిక్షణ సంస్థ) భీమిలిలో ఉంది.

రోజూ భీమిలి దాకా వెళ్లి రాగలనా?

వెళ్లవచ్చు. బీచ్ రోడ్డు మీదుగా 900కె బస్సు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో మహిళలు టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఏజెన్సీ బడులకు మాత్రం రోజూ తిరగాలనుకోకండి. ఘాట్ రోడ్డులో పొద్దున్నే మంచు, వానాకాలంలో కొండచరియలు. అక్కడే గది తీసుకోండి.

తుపాను హెచ్చరిక వస్తే బడి ఉంటుందా?

సెలవు ప్రకటించేది కలెక్టరుగారు. వాట్సాప్‌లో తిరిగే పాత ప్రకటనలు నమ్మకుండా ఎంఈఓ గ్రూపులో వచ్చిందే చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా బడి రేకులు పక్క వీధిలో దొరికాయి. అప్పటి నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో అడ్మిషన్ రిజిస్టరు, ఎస్ఆర్‌లు ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువా పై అరలో పెడుతున్నాం. సెలవు తర్వాత బడి తెరిచేముందు కరెంటు తీగలు, గోడ పగుళ్లు, మరుగుదొడ్డి కప్పు చూసి, నీళ్ల ట్యాంకు కడిగించి, అప్పుడు పిల్లలను లోపలికి రానివ్వండి.